లోపలి గడియ ఉన్న గది: చంద్రగిరి దారిలోని ఒక వ్యసన విముక్తి కేంద్రంపై సమీక్ష

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు వెళ్ళే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, మామిడి తోటల మధ్య ఉన్న ఒక వ్యసన విముక్తి కేంద్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా బావ అక్కడ ఉండి చికిత్స పొందాడు. ఆ సమయంలో అక్కడ ఉన్నవారు చాలా కొద్దిమంది కనుక, కేంద్రం పేరు రాస్తే మా బావ ఎవరన్నది తెలిసినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. అందువల్ల పేరు రాయడం లేదు. నేను తిరుపతిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను కాబట్టి, అక్కడ వాడిన మందుల మంచిచెడ్డలు కొంతవరకు చెప్పగలను. కానీ పోలీసు దెబ్బలు తిని, ఆ తర్వాత తాగుడులో పడిన మనిషిని ఇలాంటి చోట చేర్చేటప్పుడు మిగతా కుటుంబాలకు తట్టని సంగతులు కొన్ని చూసుకోవలసి వస్తుంది. ఈ కేంద్రానికి నేను మార్కులు వేసింది ప్రధానంగా వాటిని బట్టే.

ముందుగా కొంత నేపథ్యం చెప్పక తప్పదు. మా బావ యాత్రికులను తిప్పే టెంపో ట్రావెలర్ నడిపేవాడు. రేణిగుంట స్టేషనులో దిగినవాళ్ళను అలిపిరికి చేర్చడం, దర్శనం అయినవాళ్ళను శ్రీకాళహస్తికి, కాణిపాకానికి, వేలూరు దగ్గరి బంగారు గుడికి తీసుకువెళ్ళి రావడం ఆయన పని. పెళ్ళిళ్ళలో, పండగల్లో ఒకటి రెండు గ్లాసులు తాగేవాడే తప్ప, తాగి స్టీరింగు పట్టుకున్న మనిషి కాదు. ఒకసారి ఆయన బండిని అద్దెకు తీసుకున్న మనిషి మీద ఎర్రచందనం దుంగలు తరలిస్తున్నాడన్న అనుమానం ఉందని చెప్పి, ఒక పోలీసు స్టేషను వాళ్ళు మా బావను విచారణకని తీసుకువెళ్ళారు. అరెస్టు చూపలేదు, ఏ కాగితం మీదా సంతకం తీసుకోలేదు, మా అక్కకు కబురు చేయలేదు. కొన్ని రాత్రులు లోపల ఉంచి, తొడల మీద, అరికాళ్ళ మీద లాఠీలతో కొట్టి, చివరకు ఏమీ తేలక వదిలేశారు. కేసు పెట్టలేదు కనుక కొట్టేయడానికి కేసు కూడా లేదు. వాపులు తగ్గాయి. అరికాళ్ళ నొప్పి మాత్రం ఈనాటికీ ఉంది. ఘాట్ రోడ్డులో మాటిమాటికీ క్లచ్ తొక్కవలసి రావడం వల్ల కొండ ట్రిప్పులు పూర్తిగా మానుకున్నాడు.

తాగుడు నిద్ర కోసం మొదలైంది. రాత్రి కళ్ళు మూస్తే స్టేషను కనిపిస్తుందని, ఒక క్వార్టరు పడితే కనిపించదని ఆయనకు అనుభవంలో తెలిసింది. మద్యం కలలు వచ్చే దశ నిద్రను అణిచివేస్తుంది. అలవాటైన శరీరానికి అది అందకుండా పోయిన రోజున, అణిగి ఉన్న కలలన్నీ మునుపటికంటే ఉధృతంగా తిరిగి వస్తాయి. అందుకే ఇలాంటి మనిషి మానిన మొదటి వారాల్లోనే మళ్ళీ తాగుతాడు. బయటివాళ్ళు దాన్ని మనోబలం లేకపోవడం అంటారు. 2024 అక్టోబరులో ప్రైవేటు మద్యం దుకాణాలు తిరిగి వచ్చి, క్వార్టరు 99 రూపాయలకే దొరకడం మొదలయ్యాక రాత్రి తాగుడు పగటికి పాకింది. దుకాణాలు లేకపోతే ఆయన తాగేవాడు కాదని నేను అనడం లేదు. అందుబాటు మాత్రం పెరిగింది.

ఈ కేంద్రానికంటే ముందు మా పెద్దవాళ్ళు ఆయనను వేరొక చోట చేర్చారు. దాని గురించి క్లుప్తంగానైనా చెప్పాలి, ఎందుకంటే పోలిక లేకుండా ఈ కేంద్రం విలువ అర్థం కాదు. ఫోను చేస్తే రాత్రిపూట బండి వేసుకుని మనుషులను పంపించి, రోగిని ఎత్తుకుపోయే ఏర్పాటు తమ దగ్గర ఉందని ఆ మొదటి చోటివాళ్ళు గొప్పగా చెప్పుకున్నారు. దానికి వేరే రుసుము కూడా తీసుకున్నారు. లాకప్పును చూసి వచ్చిన మనిషిని రాత్రివేళ నలుగురు పట్టి బండిలోకి నెట్టడమంటే ఏమిటో వాళ్ళకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నం కూడా చేయలేదు. లోపల గదులకు బయటి గడియలు, అందరికీ ఒకే రంగు బట్టలు, చేరిన మర్నాడే గుండు. ఏటా లక్షలాది మంది కల్యాణకట్టలో తలనీలాలు సమర్పించే ఊరు మనది. గుండు అంటే ఇక్కడ ఎవరూ నామోషీ పడరు. కానీ మొక్కుకుని కూర్చుని ఇచ్చిన తలనీలాలకూ, ఇద్దరు భుజాలు పట్టుకోగా ఒకడు కత్తి పెట్టిన గుండుకూ మధ్య ఎంత దూరమో ఈ ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడి నుంచి వచ్చిన వారంలోనే మా బావ మునుపటికంటే ఎక్కువ తాగాడు.

ఇప్పుడు అసలు కేంద్రం. ఇక్కడికి ఆయన తన కాళ్ళ మీద నడిచి వచ్చాడు. అలా రావాలన్నది ఆ కేంద్రం నియమం. ఎత్తుకు రమ్మంటే రారు. మనిషిని ఒప్పించి తీసుకురండి, అవసరమైతే మా కౌన్సెలరు ఇంటికి వచ్చి మాట్లాడతాడు అని చెప్పారు. ఆ కౌన్సెలరు వచ్చి, మా అక్క ఇచ్చిన కాఫీ తాగుతూ, తాగుడు ఊసు ఎత్తకుండా అరికాళ్ళ నొప్పి గురించే చాలాసేపు మాట్లాడాడు. బావ ఒప్పుకున్నది ఆ సంభాషణ వల్లనే అని నా నమ్మకం. కాళ్ళ నొప్పికి కూడా వైద్యం చేస్తామన్న మాట అంతకుముందు ఎవరూ ఆయనతో అనలేదు.

చేర్చుకునే రోజున మానసిక వైద్యుడు చేసిన పరీక్ష ఈ సమీక్షలో నేను అత్యధిక మార్కులు వేసే అంశం. ముందు భార్య సమక్షంలో మాట్లాడి, తర్వాత ఆమెను బయట కూర్చోమని, మా బావతో ఒంటరిగా మాట్లాడారు. తలుపు మూయాలా, తెరిచి ఉంచాలా అని ఆయననే అడిగారు. బావ తెరిచి ఉంచమన్నాడు, తెరిచే ఉంచారు. ఎప్పుడైనా ఎవరైనా కొట్టారా, ఎక్కడ కొట్టారు, తలకు దెబ్బ తగిలిందా, స్పృహ తప్పిందా అని ప్రశ్నల పట్టికలో ఉన్నట్టుగా, మామూలు గొంతుతో అడిగారు. ముట్టుకునే ముందు చెప్పి ముట్టుకున్నారు. మనిషి ఆకారం గీసి ఉన్న కాగితం మీద మచ్చలు ఉన్న చోట్లు గుర్తించి, కొలతలు రాసి, తేదీ వేసి కేసు షీటులో పెట్టారు. ఈ రకమైన నమోదుకు ఐక్యరాజ్యసమితి 1999లో రూపొందించి 2022లో సవరించిన మార్గదర్శకాలు ఉన్నాయి, ఇస్తాంబుల్ ప్రోటోకాల్ అంటారు. మన దేశం హింసకు వ్యతిరేకంగా ఉన్న అంతర్జాతీయ ఒప్పందంపై 1997లో సంతకం చేసి, ఇప్పటికీ ధ్రువీకరించలేదన్నది వేరే సంగతి. చంద్రగిరి దారిలోని ఒక చిన్న కేంద్రంలో ఒక డాక్టరు ఆ పద్ధతికి దగ్గరగా కాగితం రాయడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

తాగుడు మానినప్పుడు వచ్చే శారీరక సమస్యల వైద్యం కూడా సరిగ్గానే చేశారు. చివరి గ్లాసు తర్వాత కొన్ని గంటల్లోనే చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించే స్థితి కొందరికి వస్తుంది, అది ప్రాణాంతకం కూడా కావచ్చు. ఈ కేంద్రంలో వణుకును, ఫిట్స్‌ను అదుపులో ఉంచే క్లోర్‌డయాజిపాక్సైడ్ అనే మందు ఇచ్చి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తూ పోయారు. గ్లూకోజు ఎక్కించడానికి ముందు థయామిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చారు. ఈ క్రమం ముఖ్యం. దీర్ఘకాలం తాగినవారికి థయామిన్ లేకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే మెదడుకు హాని జరిగే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడు, ఒక సెలైన్ పెట్టించండి అని మా షాపుకు వచ్చి అడిగేవాళ్ళకు నేను ఎన్నిసార్లు చెప్పినా వినరు. అలాగే తాగితే వాంతులు, గుండెదడ తెప్పించే డైసల్ఫిరామ్ మాత్రను రోగికి తెలియకుండా సాంబారులో కలిపి పెట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది చాలా ప్రమాదకరం. ఇక్కడి డాక్టరు ఆ మాత్ర గురించి బావకు వివరంగా చెప్పి, ఆయన వద్దంటే మానుకున్నారు.

గదుల విషయానికి వస్తే, మొదటి కొద్ది రోజులు ఫిట్స్ భయం వల్ల గడియ లేని గదిలో, నర్సుకు కనిపించేలా ఉంచారు. ఆ తర్వాత మార్చిన గదికి లోపల గడియ ఉంది. అవసరమైతే బయటినుంచి సిబ్బంది తీయగల రకం అది, అందులో తప్పేమీ లేదు. కానీ రాత్రి తన చేత్తో గడియ పెట్టుకుని పడుకోవడమన్నది ఆయనకు ఎంత అవసరమో మా అక్కకు కూడా అప్పుడే తెలిసింది. రాత్రంతా ఒక చిన్న దీపం వెలిగించి ఉంచారు. కేకలు పెట్టి లేచినప్పుడు తట్టి లేపకుండా, గుమ్మం దగ్గరే నిలబడి పేరు పెట్టి పిలిచేవాళ్ళు. ఇవన్నీ ఖర్చుతో కూడిన సౌకర్యాలు కావు.

అన్నీ ఇంత సజావుగా జరిగాయని అనుకోవద్దు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కు ఖాకీ చొక్కా, చేతిలో కర్ర. మొదటి రోజు బావ గేటు దాటడానికే చాలాసేపు పట్టింది. మా అక్క వార్డెనుతో చెప్తే ఆయన నవ్వి తోసిపుచ్చకుండా, వాచ్‌మన్ చొక్కా మార్పించాడు. మంచిదే. కానీ తెల్లవారుజామున వ్యాయామానికి లేపడానికి ఊదే విజిల్ మాత్రం మానిపించలేకపోయాం. అది క్రమశిక్షణలో భాగమట. ఆ విజిల్ మోగిన ప్రతిసారీ మా బావ మంచం మీద నిటారుగా లేచి కూర్చునేవాడని పక్క మంచం ఆయన చెప్పాడు. గంట కొట్టినా మనుషులు లేస్తారు.

వీటన్నిటికంటే లోతైన ఇబ్బంది సామూహిక తరగతిలో ఎదురైంది. అక్కడ ప్రతివారూ లేచి నిలబడి, తాగి తాను చేసిన తప్పులను అందరి ముందూ ఒప్పుకోవాలన్నది పద్ధతి. చాలామందికి ఇది మేలు చేస్తుంది, నేను కాదనను. 1935లో అమెరికాలో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థ పన్నెండు మెట్లలో కూడా తన తప్పుల లెక్క రాసుకుని, మరొకరి ఎదుట వాటిని అంగీకరించడం ఉంది. కానీ ఒప్పుకో అన్న మాటను లాఠీ కింద విన్న మనిషి సంగతి ఆలోచించండి. ఆయనను మధ్యలో నిలబెట్టి, చుట్టూ పదిమంది కూర్చుని, నువ్వు చేసింది చెప్పు అంటే, చేయనిదాన్ని చేశానని చెప్పమన్న ఆ రాత్రులే ఆయన కళ్ళ ముందుకు వస్తాయి. మా బావ లేచి నిలబడ్డాడు కానీ నోరు పెగల్లేదు, ఒంటికి చెమటలు పట్టాయి. తరగతి నడిపే ఆయన దాన్ని మొండితనమని భావించి గొంతు పెంచాడు. అప్పుడు పైన చెప్పిన కౌన్సెలరు కల్పించుకుని, "అన్నా, నువ్వు కూర్చో, చెప్పాలనిపించినపుడు చెప్పు, చెప్పకపోయినా ఏం కాదు" అన్నాడు. ఆ తర్వాత ఆయనతో తోటలో నడుస్తూ మాట్లాడడమే పద్ధతిగా పెట్టుకున్నాడు. గదిలో ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని మాట్లాడడం కూడా విచారణలాగే ఉంటుందని ఆ కుర్రవాడికి ఎవరు నేర్పారో నాకు తెలియదు. ఒకనాటి నడకలో మా బావ, "తాగితే బూట్ల చప్పుడు ఇనపడదు, అంతే సామీ" అన్నాడట. అన్నాళ్ళుగా ఇంట్లో మేమంతా ఎందుకు తాగుతావు అని అడిగిన ప్రశ్నకు సమాధానం అది.

కౌన్సెలరుకు ఉన్న ఈ అవగాహన సంస్థ మొత్తానికి లేదన్నదే నా ప్రధాన ఫిర్యాదు. ఆయన సెలవు పెట్టిన రోజున మా బావ పరిస్థితి వేరే. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిన సేవకు పూర్తి మార్కులు వేయలేను.

డాక్టరు ఈ స్థితిని పీటీఎస్‌డీ అని రాశారు. భయంకర అనుభవం తర్వాత పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటును తలపించే వాటిని తప్పించుకు తిరగడం ఏళ్ళ తరబడి కొనసాగే ఈ జబ్బును అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన వర్గీకరణలో చేర్చింది. అప్పట్లో ఎక్కువగా యుద్ధం నుంచి వచ్చిన సైనికులను దృష్టిలో పెట్టుకున్నారు. సెర్ట్రలిన్ వంటి మందులు, అనుభవాన్ని మెల్లమెల్లగా మాటల్లోకి తెచ్చే చికిత్స దీనికి ఉన్నాయి. తాగుడు మానాక ఆరునెలలు చూసి అప్పుడు ఇది మొదలుపెడదాం అని కొందరు వాయిదా వేస్తారు. ఇక్కడ రెండింటినీ కలిపి మొదలుపెట్టారు. నిద్ర కోసం తాగిన మనిషికి నిద్ర ఇవ్వకుండా సీసా లాక్కుంటే ఏం జరుగుతుందో మొదటి కేంద్రం అనుభవంలో మేము చూశాం కనుక, ఈ నిర్ణయాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను.

ఈ సందర్భంలో అమెరికాలోని రాడ్నీ కింగ్ సంగతి చెప్పడం అసందర్భం కాదనుకుంటాను. 1991 మార్చి 3న లాస్ ఏంజెలెస్‌లో పోలీసులు ఆయనను లాఠీలతో కొట్టడాన్ని పక్క భవనం నుంచి ఒకాయన వీడియో తీయడం వల్ల ప్రపంచమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న ఆ పోలీసులను జ్యూరీ నిర్దోషులన్నప్పుడు నగరం అంటుకుని, అరవై మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది ఫెడరల్ కోర్టు వారిలో ఇద్దరికి శిక్ష వేసింది. 1994లో నగరం ఆయనకు 38 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పు వచ్చింది. అంటే మా బావకు దక్కనివన్నీ ఆయనకు దక్కాయి: సాక్ష్యం, విచారణ, శిక్ష, పరిహారం. అయినా తాగుడు ఆయనను వదల్లేదు. కొట్టిన రాత్రికి ముందే ఆయనకు ఆ అలవాటు ఉంది, తండ్రి కూడా తాగుబోతే. 2008లో ప్రముఖుల వ్యసన చికిత్సను కెమెరాల ముందు చూపే ఒక టీవీ కార్యక్రమంలో చేరాడు. 2012 జూన్ 17న తన ఇంటి ఈతకొలనులో శవమై కనిపించాడు, అప్పటికి వయసు 47. నీట మునిగి జరిగిన ప్రమాదమని, మద్యం, మాదక ద్రవ్యాలు కూడా కారణమయ్యాయని తేల్చారు. చికిత్స కేంద్రం గేటు దాటి బయటికి వచ్చిన తర్వాత ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్నను నేను డబ్బు కట్టే ముందే అడగడానికి కారణం ఈ కథే. ప్రముఖుడైన మనిషికే ఆ తర్వాతి సంవత్సరాలు అంత కష్టమైతే, ట్రావెల్స్ డ్రైవరు మాట ఏమిటి?

ఆ ప్రశ్నకు ఈ కేంద్రం ఇచ్చిన జవాబు సగం మాత్రమే బాగుంది. ఇంటికి వచ్చిన కొత్తలో కౌన్సెలరు తరచూ ఫోను చేసేవాడు, తర్వాత తర్వాత తగ్గిపోయింది. నెలకోసారి డాక్టరుకు చూపించుకోమన్నారు, దానికి ఫీజు వేరు. ఊళ్ళో జరిగే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళ్ళమని చెప్పి, మొదటిసారి ఒక పాత సభ్యుణ్ణి తోడు పంపించారు. అక్కడ మాట్లాడమని ఎవరూ బలవంతం చేయరు, రుసుము లేదు, ఇంటి పేరు అడగరు. మా బావ చాలా వారాలు వెనక వరుసలో కూర్చుని విని వచ్చాడు.

తిరుపతిలో ఉంటూ ఖాకీని తప్పించుకోవడం సాధ్యమయ్యే పని కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడసేవ నాడు, ఇతర జిల్లాల నుంచి కూడా బలగాలను దించుతారు. అలిపిరి నుంచి బస్టాండు దాకా అడుగడుగునా పోలీసులే. భక్తుల భద్రతకు అది అవసరమే. కానీ ఆ వారంలో మా బావ మళ్ళీ తాగాడు. మా అక్క ఏడుస్తూ కేంద్రానికి ఫోను చేస్తే, మళ్ళీ చేర్చండి, అడ్వాన్సు కట్టండి అని అనకుండా, డాక్టరు ఆ సాయంత్రమే చూసి, మందు సర్దుబాటు చేసి, కొద్ది రోజులు పగలంతా కేంద్రంలో ఉండి రాత్రికి ఇంటికి వెళ్ళే ఏర్పాటు చేశారు. ఎవరూ పాఠాలు చెప్పలేదు. వచ్చే ఏడు ఆ వారం రోజులు ఆయనను మదనపల్లెలోని మా చిన్నమ్మ ఇంటికి పంపాలని అప్పుడే నిర్ణయించుకున్నాం, ఆ సలహా కూడా కౌన్సెలరుదే. ప్రస్తుతం ఆయన బండి నడపడం లేదు. ఒక ట్రావెల్స్ ఆఫీసులో బుకింగులు చూస్తున్నాడు, తాగడం లేదు, నిద్ర మాత్రం కొన్ని రాత్రులు పడుతుంది, కొన్ని రాత్రులు పట్టదు.

కేంద్రంలోని సోషల్ వర్కరు గురించి కూడా ఒక మాట. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది మీ ఇష్టం, కానీ తెలిసి నిర్ణయించుకోండి అని ఆమె వివరాలు చెప్పింది. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో రాయాలి, బంధువులకు తెలియజేయాలి, నిర్బంధంలో ఉన్నవారికి 48 గంటలకోసారి వైద్య పరీక్ష చేయించాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, దృశ్యాలు భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. జాతీయ మానవ హక్కుల కమిషను ఘటన జరిగిన ఏడాది దాటిన ఫిర్యాదులను విచారించదు. మా విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఉచిత న్యాయ సహాయానికి చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉందని, 15100కు ఫోను చేయవచ్చని కూడా చెప్పింది. డాక్టరు రాసిన మచ్చల పటం నకలు అడగ్గానే ఇచ్చారు. బావ ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, మేము తొందరపెట్టడం లేదు.

ఖర్చు నెలకు 15,000 రూపాయలు, మందులు, రక్త పరీక్షలు అదనం. రశీదు ఇస్తారు, కానీ అడిగితేనే. భోజనం పరవాలేదు. రాగి సంగటి పెట్టిన రోజున బాగుంటుంది, ఉప్మా పెట్టిన రోజున ఇంటినుంచి తెచ్చిన ఊర్బిండి పచ్చడి కలుపుకోవలసిందే. స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి. ఫోను మాట్లాడడానికి రోజూ కొంత సమయం ఇస్తారు. కుటుంబ సభ్యుల తరగతి మాత్రం నాకు నచ్చలేదు. భార్య ఓర్పుగా ఉండాలి, నవ్వుతూ పలకరించాలి అన్న ధోరణిలో సాగింది. మా అక్కకు అప్పటికే ఓర్పు గురించి ఎవరూ చెప్పనవసరం లేదు.

ఎక్కడ చేర్చినా ముందు అడగవలసినవి కొన్ని చట్టంలోనే ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదక ద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది. కేంద్రానికి రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదు ఉండాలి, ఆ పత్రం చూపించమనండి. బలవంతంగా గుండు చేయకూడదని, వారి యూనిఫారమే వేసుకోవాలని నిర్బంధించకూడదని 20వ సెక్షన్ చెబుతుంది. గొలుసులతో కట్టడం 95వ సెక్షన్ కింద నిషిద్ధం. కట్టివేయడాన్ని శిక్షగా వాడకూడదని 97వ సెక్షన్ అంటుంది. తన ఇష్టంతో చేరిన వ్యక్తి వెళ్ళిపోతానంటే సాధారణంగా పంపించాలి, పరీక్ష కోసం అవసరమైతే 24 గంటల వరకు మాత్రమే ఆపవచ్చు. ఈ ప్రశ్నలు అడిగితే మొదటి కేంద్రంవాళ్ళు విసుక్కునేవారేమో. ఈ కేంద్రం వార్డెను బీరువా తెరిచి నమోదు పత్రం బల్ల మీద పెట్టాడు.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. డాక్టరు, కౌన్సెలరు, గది ఏర్పాట్లకు మూడు, సోషల్ వర్కరుకు అర. విజిలు, సామూహిక తరగతి, సన్నగిల్లిన ఫోన్లు మిగతా మార్కులను తినేశాయి. కాలేయం బాగా దెబ్బతిన్నవారు, పచ్చకామెర్లు ఉన్నవారు, గతంలో ఫిట్స్ వచ్చినవారు ఇక్కడికి వెళ్ళకుండా ముందు తిరుపతిలోని పెద్దాసుపత్రులైన రుయాలోనో స్విమ్స్‌లోనో చూపించుకోవడం మంచిది, ఎందుకంటే ఇక్కడ అత్యవసర వైద్యానికి తగిన ఏర్పాట్లు లేవు. డబ్బు కట్టలేనివారికి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటినుంచే మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ 14416, వ్యసన విముక్తి హెల్ప్‌లైను 14446 ఉన్నాయి. ఈ కేంద్రంలోనే చేర్చదలచుకుంటే సోమవారం ఉదయం తీసుకువెళ్ళండి. ఆదివారం డాక్టరు రారు. మానిన తర్వాత ప్రమాదకరమైన మొదటి నాలుగు రోజులూ సోమవారం చేరినవాళ్ళకు డాక్టరు ఉండగానే గడిచిపోతాయి.